బూరెలు మాత్రం మావే

కళ్ళారా చూసినదాన్ని కాగితానికి ఎడమ పక్కన, ఇతరులు చెప్పగా విన్నదాన్ని కుడి పక్కన రాసుకోవడం నాకు యౌవనం నుంచీ ఉన్న అలవాటు. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతే మనిషి తన జ్ఞాపకం చేతిలో తానే మోసపోతాడు. ఇక్కడ రాస్తున్నదాంట్లో కూడా ఆ పద్ధతిని వదలను. నేను చూడని సంగతి వచ్చినప్పుడు అది ఎవరు చెప్పారో చెబుతాను.

ఆ రోజుల్లో నేను ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు పక్కనున్న ఒక చిన్న ప్రైవేటు కళాశాలలో గుమస్తాను. కాపురం ఖరిదాలో. కళాశాల మొదట ఒక అద్దె మేడలో పుట్టింది. సొంత భవనం కట్టాలని పెద్దలు సంకల్పించినప్పుడు గోల్‌బజార్ వర్తకులు పెద్ద చందాలు ఇచ్చారు. వాళ్ళ పేర్లు మెట్ల పక్కన చలువరాతి మీద చెక్కించారు. చిన్న చందాలు మాత్రం జీతాల రోజున రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గర రేకు డబ్బాలలో పోగయ్యాయి. ఆ డబ్బాలలో ఒకదాన్ని పట్టుకుని నిలబడినవాణ్ణి నేనే. బెంగాలీ, ఒరియా, బీహారీ, తెలుగు కార్మికులు చేతికి అంటిన నూనె మసి తుడుచుకోకుండానే నాణేలు వేసి వెళ్ళేవారు. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన ఖలాసీలు, సుత్తి పనివాళ్ళు నన్ను చూసి, "మా గుంటలు సదువుతార్లే మాస్టారూ, ఎయ్యండి రెండిటికలు మా పేరు మీద కూడా" అని హాస్యమాడేవారు. ఆ ఇటుకల మీద ఎవరి పేర్లూ లేవు. కానీ అవి గోడలో ఉన్నాయి. ఈ సంగతి నేను ఎన్నడూ మరిచిపోలేదు. మరిచిపోయినవాళ్ళకు గుర్తు చేయడం నా విధి అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఫీజులు పెరగడానికి కారణాలు లేకపోలేదు. ప్రభుత్వ గ్రాంటు ఆలస్యంగా వచ్చేది. అధ్యాపకుల జీతాలు పెంచక తప్పలేదు. ప్రయోగశాల కట్టాలన్నారు, కట్టారు. ఈ కారణాలన్నీ న్యాయమైనవే. ఫీజు పెరిగిన ప్రతిసారీ నోటీసు బోర్డు మీద ఆ కాగితం అతికించింది నా చేతులే. దాని కిందనే రెండో కాగితం కూడా అతికించేవాణ్ణి: బీద విద్యార్థులు సహాయానికి దరఖాస్తు చేసుకోవచ్చునని. ఆ సహాయాన్ని అందరూ ఫుల్ ఫ్రీ, హాఫ్ ఫ్రీ అనేవారు. పూర్తి మాఫీ అయితే ఫుల్ ఫ్రీ, సగం మాఫీ అయితే హాఫ్ ఫ్రీ. మొదట్లో అధ్యాపకుడి సిఫారసు ఉంటే సరిపోయేది. పై కాగితంలో అంకె పెరుగుతున్న కొద్దీ కింది కాగితంలో షరతులు పెరిగాయి. అరవైల చివరికి వచ్చేసరికి, దరఖాస్తు పెట్టిన ప్రతి విద్యార్థి ఇంటికీ కమిటీ సభ్యులు స్వయంగా వెళ్ళి చూడాలన్న నియమం వచ్చింది. రైల్వే క్వార్టర్ల లైన్లలో దానికి ఎంక్వైరీ అని పేరు పడింది.

ఆ నియమం పెట్టినవారు కమిటీ కార్యదర్శి. పట్టణంలో పేరున్న వకీలు, బెంగాలీ. ఆయన చెడ్డవారు కారని ముందే రాయడం న్యాయం. కళాశాల కోసం సొంత పనులు మానుకుని తిరిగిన మనిషి. దొంగ దరఖాస్తులు వస్తున్నాయని ఆయన బాధ. "కాగితం అబద్ధమాడుతుంది, ఇల్లు ఆడదు" అనేవారు. కోర్టులో నలిగిన మనిషి కాబట్టి ఆ మాట ఆయనకు నచ్చింది. ఇల్లు కూడా మనుషులు సర్దినట్టే మాట్లాడుతుందని ఆయనకు తట్టలేదు.

ఆ సంవత్సరం దరఖాస్తు పెట్టినవారిలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్న ఒక తెలుగమ్మాయి ఉంది. తండ్రి వర్క్‌షాపులో ఖలాసీ. బరువులు మోసే పని. ఒకే గది ఉన్న క్వార్టరు. ఆ లైనులో గడప దాటి కళాశాలకు వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. నోటీసు బోర్డు మీద కొత్త ఫీజు కాగితం పడిన మర్నాడు దరఖాస్తు తెచ్చి నా బల్ల మీద పెట్టి, బరువుగా ఉన్న వస్తువు మీద చేయి వేసినట్టు దాని మీద అరచేయి ఆనించి నిలబడింది.

"మాస్టారూ, ఇది రాకపోతే పూజా సెలవులయ్యాక నాను రాను. మా నాన్న సెప్పీసినాడు."

"కోపంతో చెప్పాడా?"

"కోపమేటుంది మాస్టారూ. తలొంచుకుని సెప్పినాడు."

సంగతి అంతే. ఆ అమ్మాయి దసరాకు ఇచ్చే పూజా సెలవుల తరవాత తరగతికి వస్తుందా, రాదా అన్నది ఆ కాగితం మీద ఆధారపడి ఉంది.

ఎంక్వైరీ ఫలానా ఆదివారం ఉదయం అని కార్యాలయం నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వెళ్ళింది. దాన్ని ఇంట్లో చదివి వినిపించింది ఆ అమ్మాయే. తరవాత జరిగింది నేను చూడలేదు. కొంత ఆ అమ్మాయి చెప్పింది. కొంత వాళ్ళ పక్క క్వార్టరులో ఉండే క్రైస్తవ ఇల్లాలు చెప్పింది. ఆవిడ రైల్వే ఆసుపత్రిలో ఆయా, మా ఇంటికి కూడా వస్తూ పోతూ ఉండే మనిషి.

ఉత్తరం విన్న తల్లి మొదట అడిగిన మాట, "ఏటి, కాలేజీ పెద్దలు మనింటికొస్తారా? ఎంతమందే?"

"ముగ్గురంట. మన బీదరికం సూడ్డానికొస్తారు."

"ఛ! నోరుముయ్యి. అది సూడ్డానికి ఎవలైనా వస్తారేటి?"

ఆ ఇల్లాలికి పెద్దమనుషులు ఇంటిని చూడడానికి రావడం ఒకే సందర్భంలో తెలుసు. అది పెళ్ళిచూపులు. వచ్చినవాళ్ళు గడప, గోడ, కూర్చునే చోటు, పిల్ల మెడ చూస్తారు. ఈ ఇంటికి పిల్లనిచ్చినా, తెచ్చుకున్నా పరువు దక్కుతుందా అని లెక్క వేస్తారు. అంతకు మించి మరో రకం చూపు ఉంటుందని ఆమెకు ఎవరు నేర్పారు? కూతురు ఎంత చెప్పినా ఆమె ఒకే న్యాయం పట్టుకు కూర్చుందట.

"ఒలే, గోల్‌బజార్ల షావుకారు సినిగిపోయిన సీరకి ఎప్పుడైనా బియ్యం అరువిచ్చినాడా? నిండుగ కనిపించినోలికే ఇస్తాడు. రేపు ఈలు తిరిగి కడతారని ఇస్తాడు. మనం ఈదినపడ్డట్టు కనబడితే, ఈ పిల్లకిచ్చి ఏటి లాభం, మద్దిలో మానీసుద్ది అనుకోరేటి?"

ఈ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఇందులో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ చెప్పలేను. జీవితమంతా ఆమె చూసిన లోకం అలాగే నడిచింది.

శనివారం సాయంత్రానికి లైనంతా ఆ ఒంటిగదిలోకి నడిచి వచ్చింది. రెండు కుర్చీలు, నీలం పువ్వుల కప్పులూ సాసర్లూ ఆయా ఇంటివి. రేడియో చివరి క్వార్టరులోని ఇంజను ఫైర్‌మన్‌ది. దాని మీద కప్పిన లేసు గుడ్డ కూడా వాళ్ళదే. మంచం మీద పూల దుప్పటి ఎదురింటివాళ్ళ పెళ్ళినాటిది. కప్పుల దగ్గర వచ్చిన చిక్కు ఆయా నాకు నవ్వుతూ చెప్పింది.

"కప్పులు మూడే వదినా. మూడోదానికి పిడి నేదు" అన్నదట ఆయా.

"పిడి నేనిది మాస్టారుకిచ్చీ. ఆయన మనోడే కదా, ఏటనుకోడు" అన్నదట తల్లి.

"ఆయన అనుకోడు గాని, రాసుకుంటాడు!"

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారట. ఈ మాట చెబుతూ ఆయా మళ్ళీ నవ్వింది. ఆ తరవాత పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక ఎడమ పక్కన రాసుకున్నది.

ఆదివారం ఉదయం కార్యదర్శీ, అర్థశాస్త్రం చెప్పే యువ అధ్యాపకుడూ ఒక రిక్షాలో, నేను వెనక ఇంకో రిక్షాలో వెళ్ళాం. అధ్యాపకుడూ బెంగాలీయే. మాట తక్కువ, మనసు మెత్తన. క్వార్టరు ముందు కళ్ళాపి చల్లి, మెలికలు తిరిగే పెద్ద ముగ్గు వేశారు. తలుపుకు మామిడి తోరణం కట్టారు. మేం దిగేసరికి చుట్టుపక్కల గుమ్మాలన్నిటిలోనూ ఆడవాళ్ళు, తమ వస్తువులు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి వచ్చినట్టు నిలబడ్డారు. తల్లి పట్టుచీర కట్టుకుని కాళ్ళకు నీళ్ళు అందించింది. ఆ చీర ఆమెది కాదని తెలుస్తూనే ఉంది. కట్టుకున్న మనిషి దాన్ని నేలకు తగలనివ్వకుండా ఒక చేత్తో పైకి పట్టుకునే ఉంది. తండ్రి ఉతికిన చొక్కాతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే మంచం అంచున, లేవమంటే లేచిపోయేటట్టు కూర్చున్నాడు. తన ఇంట్లో తాను అతిథిలా కూర్చున్న మనిషిని నేను మొదటిసారి అక్కడ చూశాను.

అమ్మాయి వెనక వసారా నుంచి బూరెల పళ్ళెం తెచ్చింది. మెడలో బంగారు గొలుసు. తల పైకెత్తలేదు.

పళ్ళెంలో బూరెలు, వాటి పక్కన గోల్‌బజార్ నుంచి తెచ్చిన సందేశ్. మా వంట బెంగాలీలకు నచ్చుతుందో లేదోనని వాళ్ళ మిఠాయి కూడా తెప్పించింది ఆ తల్లి. కార్యదర్శి బూరె కొరికి కళ్ళు పెద్దవి చేశారు.

"బాః! దీదీ, ఖూబ్ భాలో! చాలా బాగుంది! ఇది ఎలా చేస్తారు? మా ఇంట్లో చెబుతాను."

"ఇంకోటి తినండి బావూ. ఒక్కటి తింటే ఇంటికి మంచిది కాదు" అంది ఆమె. నేను బెంగాలీలో చెప్పాను. ఆయన రెండోది తిన్నారు. మనస్ఫూర్తిగా తిన్నారు. దాన్ని కూడా రాసుకున్నాను.

నాకు టీ వచ్చింది. నీలం పువ్వుల కప్పు, పిడి లేనిది. క్రిస్‌మస్ నాడు ఆయా ఇంట్లో ఇదే వరసలోని కప్పుతో టీ తాగిన మనిషిని కాబట్టి, కప్పు వేళ్ళను కాలుస్తూండగానే ఆ గదిలోని ప్రతి వస్తువూ ఎవరిదో నాకు ఒకటొకటిగా తెలిసిపోయింది.

కార్యదర్శి రేడియో వైపు చూసి, "ఇది ఎప్పుడు కొన్నారు?" అని బెంగాలీలో అడిగారు. తండ్రి భార్య వైపు చూశాడు. ఆమె చిరునవ్వుతో, తనకు వచ్చిన బజారు బెంగాలీలో, "భాలో రేడియో బాబూ, ఖూబ్ భాలో" అంది. ఆ ఇంట్లో మేం ఉన్నంతసేపూ ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఏ వస్తువునూ తనదని చెప్పలేదు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టింది, తినిపించింది, అంతే. ఆమె ఎదుట, ఆమె గడపలో, ఆ కుర్చీలు నీవి కావు అనడం మనిషి చేసే పని కాదు కాబట్టి ఆ మాట బయటికి వచ్చాక చెప్పాను.

"ఇవన్నీ అరువు తెచ్చినవండి. మర్యాద కోసం."

కార్యదర్శి రిక్షా మెట్టు మీద కాలు ఆపారు. "కుర్చీలు అరువంటే నమ్ముతాను. బంగారం ఎవరు అరువిస్తారయ్యా?"

"మా లైన్లలో ఇచ్చుకుంటారండి. ఒకరి శుభకార్యానికి ఒకరు."

"ఇది శుభకార్యమా?"

"వాళ్ళ దృష్టిలో అంతే."

ఆయన రిక్షా ఎక్కి కూర్చుని అన్నారు, "అయితే దాదా, ఒక్క రోజులో ఇంత అరువు పుట్టించగలిగినవాళ్ళు ఫీజు పుట్టించుకోలేరా?"

అధ్యాపకుడు తల పక్కకు తిప్పుకున్నారు. రిక్షాలు కదిలాయి.

నివేదికలో కుర్చీలు, రేడియో, కప్పులు, దుప్పటి, చీర, గొలుసు, చివరికి మిఠాయిలు కూడా వరసగా రాశారు. కింద "సహాయం అవసరం కనిపించలేదు" అని సంతకం. అవి కంటికి కనిపించిన మాట నిజమే. నేను లిఖితపూర్వకంగా అభ్యంతరం పెట్టాను. గుమస్తా అభ్యంతరం పెట్టడం ఆ కమిటీకి కొత్త. ఒక సభ్యుడు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చదివారు. అధ్యాపకుడు గట్టిగా నా పక్షాన నిలబడ్డారు కాబట్టి, తల్లిని పిలిపించి కమిటీ ఎదుట వినడానికి ఒప్పుకున్నారు.

ఈ కబురు చెప్పడానికి నేను వాళ్ళ క్వార్టరుకు వెళ్ళేసరికి గది తన అసలు రూపంలో ఉంది. ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె, గూట్లో గిన్నెలు, కిటికీ అరుగు మీద అమ్మాయి పుస్తకాలు. తండ్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు.

"ఇదే సెడగొట్టినాది బావూ" అన్నాడు నాతో, భార్య వైపు చూడకుండా. "సెప్పినాను. గుంట కూడా సెప్పినాది. ఇంటేనా?"

"నానేటి సెడగొట్టినాను? ఇంటికొచ్చినోలికి పీటెయ్యడం సెడగొట్టడమేటి? నీ అప్పసెల్లెల్లొచ్చినప్పుడు నాను మట్టిమీద కూకోబెట్టినానా?"

"మా అప్పసెల్లెల్లు ఫీజు మాఫీ సేస్తారేటే!"

ఆమె నా వైపు తిరిగింది. "మాస్టారూ, నిజం సెప్పండి. ఆలొచ్చింది మాకేటి నేదో సూడ్డానికా?"

"అవునమ్మా."

"ఏటుందో సూస్తారు గాని, నేనిది ఎలగ సూస్తారు బావూ?"

ఆ మాటను ఉన్నదున్నట్టు ఎడమ పక్కన రాసుకున్నాను.

కమిటీ రోజున ఆమె తన సొంత చీర కట్టుకుని వచ్చింది. రంగు వెలిసి, భుజం దగ్గర అతుకు వేసిన నేత చీర. కళాశాల మెట్లు ఎక్కుతూ చలువరాతి మీద పేర్లను చేత్తో తడిమి, "ఇక్కడేనా మేం ఇటికలకిచ్చింది?" అని కూతుర్ని అడిగింది. ఆ గోడే అని చెప్పాను. లోపల పొడుగు బల్ల, దాని వెనక ఐదుగురు. నేను ఒక చివర సమావేశం పుస్తకంతో కూర్చున్నాను. రాసేవాడు మాట్లాడకూడదన్నది నియమం. కాబట్టి తల్లి మాటను బెంగాలీలోకి మార్చే పని కూతురి మీద పడింది. ఆ ఏర్పాటు ఎవరూ దురుద్దేశంతో చేయలేదు. ఎవరూ ఆలోచించలేదు, అంతే. ఆలోచించకపోవడం కూడా ఒక పనేనని, దానికీ ఫలితాలు ఉంటాయని పెద్దవాళ్ళకు ఎవరు చెప్పాలి?

కార్యదర్శి నివేదిక తీసి వస్తువులు ఒకటొకటిగా చదివారు.

"కుర్చీలు."

"మావి కావు" అంది తల్లి.

"ఆమాదేర్ నోయ్" అంది కూతురు.

"రేడియో."

"మాది కాదు."

"ఆమాదేర్ నోయ్."

కప్పులు. దుప్పటి. చీర. ప్రతిదానికీ తల్లి గొంతు ఒకలాగే ఉంది. కూతురి గొంతు మాత్రం ఒక్కొక్క వస్తువుకూ తగ్గుతూ వచ్చింది. చివరికి బల్లకు ఆ పక్కనున్నవారు ముందుకు వంగి వినవలసి వచ్చింది.

"బంగారు గొలుసు."

"మాది కాదు బావూ. అది వొద్దంటే నానే దాని మెడల ఏసినాను. దాని తప్పు నేదు."

కూతురు మొదటి మాట వరకే చెప్పింది. "ఆమాదేర్ నోయ్."

కార్యదర్శి కాగితం చివరికి వచ్చారు. "మిఠాయిలు."

తల్లి తల ఎత్తింది. "బూరెలు మాత్రం మావే బావూ. పప్పు మాదే, బెల్లం మాదే, సెయ్యి మాదే. సందేశ్ కూడా డబ్బిచ్చే తెచ్చినాం."

కూతురు చెప్పింది. ఒకరిద్దరు నవ్వారు. హేళనగా కాదు. కార్యదర్శి కూడా, ఆ బూరెలు గుర్తుకు వచ్చినట్టు, ఒక్క క్షణం మెత్తబడ్డారు. తరవాత కళ్ళజోడు సర్దుకుని, మృదువుగానే అడిగారు, "అయితే దీదీ, మీ ఇంట్లో మీదంటూ ఏముంది? నేను ఇక్కడ ఏదో ఒకటి రాయాలి."

కూతురు ఆ ప్రశ్నను తెలుగులో చెప్పింది. తల్లి మంచం అంటుందేమో, ట్రంకు పెట్టె అంటుందేమో అని నేను కలం పట్టుకుని చూస్తున్నాను. ఆమె కూతురి వీపు మీద చేయి వేసింది.

"ఇదుంది బావూ. ఈ గుంటొక్కర్తె మాది."

కూతురు తెలుగులోనూ, బెంగాలీలోనూ ఏమీ అనలేదు.

"కీ బొల్లేన్?" ఏమన్నారని కార్యదర్శి అడిగారు.

"కిఛు నా" అంది అమ్మాయి. ఏమీ లేదని.

ఆయన నా వైపు తిరిగి రాయమన్నారు: ఇంట్లో తమదంటూ ఏమీ లేదని తల్లి చెప్పింది. సమావేశం పుస్తకంలో ఆ వాక్యం నా దస్తూరీలోనే ఉంది. అనువాదం కాని మాటకు అందులో చోటు ఉండదు. దాన్ని ఇంటికి వెళ్ళి నా కాగితం మీద, ఎడమ పక్కన రాసుకున్నాను.

కమిటీ హాఫ్ ఫ్రీ మంజూరు చేసింది. కార్యదర్శి స్వయంగా లేచి ఆ తల్లికి నమస్కారం పెట్టారు. పూజా సెలవులయ్యాక అమ్మాయి తరగతికి వచ్చింది. నేను సంతోషించాను. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. మరుసటి విద్యా సంవత్సరానికి ఫీజు మళ్ళీ పెరిగింది. నోటీసు నేనే అతికించాను. అతికించిన తరవాత కార్యాలయంలో కూర్చుని లెక్క వేసి చూస్తే, కొత్త ఫీజులో సగం, ఆ అమ్మాయి చేరిన రోజున కట్టిన పూర్తి ఫీజుకు ఇంచుమించు సమానంగా ఉంది. అంటే ఆ తల్లి ఐదుగురి ఎదుట నిలబడి, ఒక్కొక్క వస్తువూ తనది కాదని చెప్పి సంపాదించుకున్నది ఏమిటి? మొదట్లో ఎవరినీ ఏమీ అడగకుండానే ఉన్న చోటు. ఆ లెక్కను కార్యదర్శి బల్ల మీద పెట్టాను.

ఆయన చూసి, "కానీ సగమే కదా కట్టేది" అన్నారు.

"దేనిలో సగమండి?"

"కొత్తదానిలో. నియమం అలాగే ఉంది." ఆ కాగితాన్ని మడిచి నాకు తిరిగి ఇచ్చారు.

అధ్యాపకుడు తేడా తాను భరిస్తానని ముందుకు వచ్చారు. ఆ మాట చెప్పడానికి నేను వర్క్‌షాపు గేటు దగ్గర, సైరన్ మోగి జనం బయటికి వచ్చే వేళకు ఆ తండ్రి కోసం నిలబడ్డాను. వెనకటికి నేను రేకు డబ్బాతో నిలబడిన చోటే. అతను విని, చేతిలోని టిఫిన్ కారియర్ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఆ బావు మంచోడు. దండాలని సెప్పండి. ఒకసారి సూపించుకున్నాం మాస్టారూ, మాకేటి నేదో. మల్లీ ఇంకోలికి సూపించుకోమనకండి."

అమ్మాయి రెండో ఏడాది చివర జరిగే పార్ట్ వన్ పరీక్ష వరకూ చదివింది, ఎలా నెట్టుకొచ్చారో నాకు తెలియదు. పాసయింది. డిగ్రీ చేతికొచ్చే మూడో ఏడాది, పార్ట్ టూలో చేరలేదు.

ఇంకొక సంగతి కూడా రాయాలి. రాయకపోతే ఈ నష్టం ఒక ఇంటిదే అనుకుంటారు. ఆ తల్లి కథ లైన్లన్నిటికీ పాకింది. మరుసటి సంవత్సరం ఎంక్వైరీకి నేను వెళ్ళిన ఇళ్ళలో గోడకు మేకులున్నాయి, మేకులకు ఏమీ లేవు. తెల్లటి చదరాలు మాత్రం ఉన్నాయి, అప్పటిదాకా పటాలు వేలాడిన చోట్లు. ఒక ఇంట్లో పిల్లలకు ఉన్న మంచి గుడ్డలు విప్పించి చిరుగుల చొక్కాలు తొడిగారు. ఒక ఇంట్లో ముసలమ్మ మమ్మల్ని చూసి అలవాటు కొద్దీ చాప తీయబోతే, కోడలు చేయి పట్టుకుని ఆపింది. మాకు మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు. కార్యదర్శి ప్రతి ఇంటి దగ్గరా తృప్తిగా తల ఆడించారు. ఆ లైన్లలో నా ఎరుకలో ఎవరింటికి ఎవరు వెళ్ళినా కాళ్ళకు నీళ్ళు, నోటికి బెల్లం ముక్క తప్పేవి కావు. ఆ మనుషులకు అలా ఉండకూడదని నేర్పింది ఒక విద్యా సంస్థ. ఫీజులు పెంచినందుకు నేను ఎవరినీ నిందించను. దీనికి మాత్రం నిందిస్తాను.

రెండేళ్ళ తరవాత కార్యాలయంలో పాత బీరువా సర్దుతుంటే ఆ అమ్మాయి పార్ట్ వన్ మార్కుల పత్రం దొరికింది. తీసుకోవడానికి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం నేనే తీసుకుని వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. అమ్మాయి బడికి వెళ్ళింది. ఖరిదాలో తెలుగు పిల్లల చిన్న బడిలో అక్షరాలు దిద్దించే పని. తల్లి తలుపు సగం తీసి, నన్ను చూసి, మిగతా సగం తీయలేదు.

"రాసుకోడానికొచ్చినారా మాస్టారూ?"

"లేదమ్మా. ఇవ్వడానికి వచ్చాను."

కాగితం చాచాను. ఆవిడ వెంటనే అందుకోలేదు. చేతులు కొంగుతో రెండుసార్లు తుడుచుకుంది.

"ఇది మాదేనా?"

"మీదేనమ్మా. మీ అమ్మాయి సంపాదించుకున్నది."

"మల్లీ తెచ్చి ఇచ్చీనక్కర్నేదు కదా?"

"అక్కర్లేదు."

రెండు చేతులతో అందుకుని, అక్షరాలు తలకిందులుగా ఉన్నాయేమోనన్నట్టు ఒకసారి తిప్పి చూసి, గుండెకు ఆనించుకుంది. కూర్చోమనలేదు. నేను మెట్టు దిగి లైను మలుపు తిరిగేదాకా ఆవిడ తలుపుకు అడ్డంగానే నిలబడి ఉంది. లోపల ఏముందో నాకు కనిపించలేదు. నేను చూడబోలేదు.